మందుకూ మత్తుకూ నడుమ: గంజాయి వాడే రోగి మౌనం, వైద్యుని ప్రశ్న

వైద్యుని దగ్గరా వకీలు దగ్గరా దాపరికం పనికిరాదన్నది తెలుగునాట తరచుగా వినబడే మాట. సామెతంతగా పాతుకొనిపోయిన ఈ మాటలో ఒక పని విభజన ఉంది. చెప్పవలసింది రోగి, వినవలసింది వైద్యుడు. చెప్పకపోతే తప్పు రోగిదే. అడిగిన మాట ఎటువంటిది, విన్న చోటు ఎటువంటిది, చెప్పినవాడికి ఆ తరువాత ఏమవుతుంది అన్న మూడు ప్రశ్నలకు ఆ మాటలో తావు లేదు. దాచడం తప్పా కాదా అన్న నైతిక విచారణను ఈ మూడింటినీ విడిచి చేయలేమన్నది ఈ వ్యాస ప్రతిపాదన. అందుకు ఎంచుకొన్న సందర్భం గంజాయి. నొప్పి తగ్గడానికో, నిద్ర పట్టడానికో, వాంతులు ఆగడానికో గంజాయి వాడుతున్న రోగి ఆ సంగతి వైద్యునికి చెప్పకపోవడం అసత్యమవుతుందా? అయితే ఆ అసత్యంలో వైద్యుని పాలు ఎంత?

కెనడాలో 2001 నుంచి, జర్మనీలో 2017 నుంచి వైద్యుని అనుమతితో రోగి చట్టబద్ధంగా గంజాయి పొందే ఏర్పాటు ఉంది. అక్కడి చర్చ ఏ రోగానికి, ఎంత మోతాదు అన్నదాని చుట్టూ తిరుగుతుంది. మన దేశంలో 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం (ఎన్‌డీపీఎస్ చట్టం) వైద్య, శాస్త్రీయ ప్రయోజనాలకు మినహాయింపునిచ్చినా, ఆధునిక వైద్యుడు నొప్పికి గంజాయి రాసిచ్చే వ్యవస్థ ఏదీ ఏర్పడలేదు. అంతమాత్రాన వాడేవారు లేరని కాదు. కేంద్ర సామాజిక న్యాయ శాఖ కోసం ఢిల్లీ ఎయిమ్స్ నిర్వహించి 2019లో వెలువరించిన జాతీయ సర్వే ప్రకారం, 10 నుంచి 75 ఏళ్ల వయసువారిలో 2.8 శాతం మంది, అంటే సుమారు 3 కోట్ల 10 లక్షల మంది, అంతకు ముందు ఏడాదిలో భంగు, గంజాయి, చరస్‌లలో ఏదో ఒకటి వాడారు. వారిలో సరదాకు వాడినవారెందరు, అలవాటుపడినవారెందరు, రోగబాధకు ఓర్వలేక వాడినవారెందరు అన్నది ఆ అంకె చెప్పదు. అది చెప్పగలిగిన చోటు ఒక్కటే: రోగికీ వైద్యునికీ నడుమ ఉన్న బల్ల. ఆ బల్ల దగ్గర సాగే భాషను పరిశీలించడం తెలుగు శాఖల పని కాదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

రెండు ప్రశ్నలు, నడుమ ఒక సందు

కర్నూలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి, జనం నోట పెద్దాసుపత్రి, 1956లో మొదలైన కర్నూలు వైద్య కళాశాలకు బోధనాసుపత్రి. ఆదోని, ఆలూరు, పత్తికొండ, నంద్యాల ప్రాంతాలవారే గాక తుంగభద్ర అవతలి అలంపురం, గద్వాల, రాయచూరు వైపు నుంచి కూడా రోగులు ఇక్కడికి వస్తారు. ఇటువంటి ఆసుపత్రుల్లో రోగి వివరాలు రాసుకొనే పద్ధతి దేశమంతటా దాదాపు ఒకటే. కేస్ షీటులో ప్రస్తుతం వాడుతున్న మందులకు ఒక గడి, వ్యక్తిగత అలవాట్లకు మరొక గడి ఉంటాయి. వాటిని నింపడానికి హౌస్ సర్జన్ అడిగే తెలుగు ప్రశ్నలు కూడా స్థిరపడిపోయాయి. ఒకటి, "ఏం మందులు వాడుతున్నావు?" రెండవది, "ఏమన్నా అలవాట్లున్నాయా?"

రెండవ ప్రశ్నను గమనించాలి. అలవాటు అన్న మాటకు నిఘంటువులో మంచిచెడ్డలు లేవు. పొద్దున్నే లేవడం అలవాటే, పుస్తకం చదవడం అలవాటే. ఆసుపత్రి తెలుగులో మాత్రం విశేషణం లేకుండా 'అలవాట్లు' అంటే దురలవాట్లని అర్థం. "అలవాట్లేమీ లేవు సార్" అని రోగి భార్య గర్వంగా చెప్పే జవాబులో ఆ అర్థం స్పష్టంగా వినబడుతుంది. పెళ్లిచూపుల్లో వరుని గురించి వేసే ప్రశ్న కూడా ఇదే. ఆ విధంగా వైద్య సమాచారం కోసం వేసిన ప్రశ్న రోగి చెవికి శీలపరీక్షగా చేరుతుంది.

ఒక రోగిని ఊహించుకొందాం. కోసిగి వైపు నుంచి ఏటా గుంటూరు మిరపకోతకు వలసవెళ్లే కూలీ. యాభై అయిదేళ్లుంటాయి. నోటిలో పుండు మానకపోతే పరీక్ష చేయించారు, క్యాన్సరని తేలింది. రాత్రిళ్లు నొప్పికి నిద్ర ఉండదు. తోటి కూలీ ఎవరో బీడీలో కలిపి ఇచ్చిన గంజాయికి ఒక రాత్రి నిద్ర పట్టింది. నాటి నుంచి రాత్రికొకసారి వాడుతున్నాడు. ఏం మందులు వాడుతున్నావంటే సంచిలోంచి మాత్రల అట్టలు తీసి చూపిస్తాడు. అలవాట్లున్నాయా అంటే, "లేవు సామీ, బీడీ ఒగటి తాగుతా" అంటాడు. ఈ రెండు జవాబుల్లో అబద్ధమెక్కడ? గంజాయి అతని దృష్టిలో మందుల జాబితాలోకి రాదు, ఎందుకంటే దానిని వైద్యుడెవరూ ఇవ్వలేదు. అలవాట్ల జాబితాలోకీ రాదు, ఎందుకంటే అతడు దానిని అలవాటుగా కాదు, నొప్పికి వాడుతున్నాడు. రెండు ప్రశ్నలకూ సరిగానే జవాబు చెప్పాడు. అతని జీవితంలోని ముఖ్య విషయం మాత్రం రెండు గడుల నడుమ సందులోంచి జారిపోయింది.

భయంతో దాచేవారు లేరని నేననడం లేదు. వారి సంగతి తరువాత వస్తుంది. కానీ మౌనమంతా భయమేనని అనుకొంటే, ప్రశ్న రూపంలోనే ఉన్న లోపం కంటబడదు.

ఇక మందు అన్న మాట. తెలుగులో ఇంత బరువు మోసే మాటలు తక్కువ. ఔషధం మందే, సారాయి మందే, పొలానికి కొట్టేది పురుగుమందు, తుపాకిలో కూరేది తుపాకిమందు. వశీకరణానికి "మందు పెట్టారు" అంటారు. రాయలసీమ ఆసుపత్రి అత్యవసర విభాగంలో "మందు తాగినాడు సార్" అన్న మాట వినబడితే ఏ మందు అని వెంటనే అడగవలసిందే. అప్పుల పాలైన రైతు విషయంలో ఆ మాటకున్న అర్థం ఈ ప్రాంతంలో అందరికీ తెలుసు. అదే మాట ప్రాణం నిలిపేదానికీ, తీసేదానికీ, మరిపించేదానికీ చెల్లుతుంది. నల్లమందును చూడండి. అందులోంచే మార్ఫిన్ వస్తుంది, దానికి బానిసలైన కుటుంబాలూ ఉన్నాయి. అయినా దాని తెలుగు పేరులో మందు అన్న మాట నిలిచే ఉంది. గంజాయికి ఆ భాగ్యం దక్కలేదు. మన వాడుకలో దానికి దొరికింది 'మత్తు'. అయితే ఆ మత్తు కూడా ఒక చోట గౌరవం పొందుతుంది. శస్త్రచికిత్సకు ముందు ఇచ్చేది మత్తుమందు, ఇచ్చే ఆయన మత్తు డాక్టరు. ఆ పక్కనే పోలీసుల ప్రకటనలో మత్తుమందు రవాణా, మత్తుమందు ముఠా. ఒకే సమాసం ఆపరేషన్ థియేటరులో వైద్యం, దాని ప్రహరీ బయట నేరం.

తులసివనంలో గంజాయిమొక్క అన్న సామెత గంజాయికి తెలుగులో స్థిరమైన నైతిక స్థానం ఇచ్చింది. మంచివారి నడుమ చెడ్డవాడు పుట్టాడనడానికి వాడే సామెత ఇది. అందులో తమాషా ఏమిటంటే, ఈ రెండూ వైద్యంలో వాడిన మొక్కలే. ఆయుర్వేద గ్రంథాల్లో గంజాయి మొక్కకు విజయ, భంగ వంటి పేర్లున్నాయి. దేహమంతటా వ్యాపించిన తరువాతనే జీర్ణమయ్యే 'వ్యవాయి' ద్రవ్యాలకు శార్ఙ్గధరుడిచ్చిన ఉదాహరణలు భంగ, నల్లమందు. జాతీఫలాది చూర్ణంలో నేటికీ భంగు ఆకు ఒక దినుసు. మందుల, సౌందర్య సాధనాల నిబంధనల్లోని ఇ(1) షెడ్యూలు ఈ ఆకును విషద్రవ్యాల జాబితాలో చేర్చి, వైద్య పర్యవేక్షణలోనే వాడాలన్న హెచ్చరికతో అనుమతించింది. 1985 చట్టం పూతనూ కాయలనూ గంజాయిగా నిర్వచించి, వాటితో కలవని ఆకునూ విత్తనాన్నీ ఆ నిర్వచనం వెలుపల ఉంచింది. అందువల్ల ఆయుష్ లైసెన్సుతో 'విజయ' ఆకు నుంచి తీసిన తైలాలు ఇవాళ సీసాల్లో అమ్ముడవుతున్నాయి.

దీని సామాజిక ఫలితం చిన్నది కాదు. నగరంలో చదువుకొన్న రోగి "విజయ తైలం వాడుతున్నానండీ" అంటే వైద్యుడు రాసుకొంటాడు, లేదా అదేమిటని అడుగుతాడు. కోసిగి కూలీకి ఆ మాట తెలియదు. అతనికున్నది గంజాయి అన్న ఒక్క మాటే. నోరు విప్పితే దానితో పాటు సామెతా, పోలీసూ, పేపరువార్తా కలిసే బయటికి వస్తాయి. చట్టంలో ఆకుకూ పూతకూ తేడా ఉన్నది నిజమే. కానీ ఆసుపత్రి బల్ల దగ్గర ఆకు, పూత లెక్కలు ఎవరూ తీయరు. అక్కడ తేడా చూపేది పేరే. సంస్కృతనామం తెలిసినవాడు రోగిగా మిగులుతాడు, తెలుగునామం మాత్రమే తెలిసినవాడు అనుమానితుడవుతాడు. భాషాశాస్త్రంలో అర్థాపకర్ష అని పాఠం చెప్పుకొనే మనం, అది ఒక మనిషి నోరు ఎలా మూయిస్తుందో ఇక్కడ చూడవచ్చు.

అభీరుత్వం ఎవరి గుణం?

చరకసంహిత సూత్రస్థానం తొమ్మిదో అధ్యాయం చికిత్సకు నాలుగు పాదాలను చెబుతుంది: వైద్యుడు, ఔషధం, పరిచారకుడు, రోగి. ఒక్కొక్క పాదానికి నాలుగేసి గుణాలు. రోగికి చెప్పిన నాలుగూ ఇవి: స్మృతి, నిర్దేశకారిత్వం, అభీరుత్వం, జ్ఞాపకత్వం. జ్ఞాపకత్వమంటే ఇక్కడ గుర్తుంచుకోవడం కాదు. తన బాధను తెలియజెప్పగలగడం. దాని పక్కనే అభీరుత్వం, భయం లేకపోవడం, ఉన్నది. చరకుడు ఈ రెండింటి నడుమ కార్యకారణ సంబంధం చెప్పలేదు. కానీ భయం ఉన్నచోట తెలియజెప్పడం జరగదని వేరే చెప్పనక్కరలేదు. నా సందేహం మరొకటి. స్మృతి రోగిలో ఉంటుంది. చెప్పిన మాట వినే గుణమూ అతనిలోనే ఉంటుంది. అభీరుత్వం అటువంటిది కాదు. భయపడేవాడు ఉన్నాడంటే, భయం కలిగించేది ఏదో అతని వెలుపల ఉన్నది. సెలైను సీసా పట్టుకొని నిలబడ్డ బంధువులు, వెనుక వరుసలో తొంగిచూసే పొరుగూరివాడు, గేటు దగ్గర పోలీసు ఔట్‌పోస్టు, "ఏమయ్యా, గంజాయి తాగుతావా?" అని హాలు దద్దరిల్లేలా అడిగే గొంతు: ఇవన్నీ ఉంచి, అభీరుత్వం లేదని రోగిని నిందించడం న్యాయం కాదు. నాలుగు పాదాల్లో వైద్యుడే ప్రధానమని చరకుడే చెప్పాడు. కాబట్టి రోగి అభీరుత్వం సగమైనా వైద్యుడు ఇవ్వవలసినదే. మన భాషలో దానికి అభయం అన్న మాట ఉంది. అభయం ఒకరు తెచ్చుకొనేది కాదు, మరొకరు ఇచ్చేది.

విమానస్థానం ఎనిమిదో అధ్యాయంలో శిష్యునికి గురువు చేసే ఉపదేశం దీనికి తోడుగా నిలుస్తుంది. రోగి ఇంటి సంగతులు బయట చెప్పరాదన్నది అందులో ఒక నియమం. ఆయుస్సు తరిగిందని తెలిసినా, చెబితే రోగికి గాని మరొకరికి గాని దెబ్బ తగిలేటట్లయితే చెప్పరాదన్నది మరొకటి. అంటే వైద్యునికి మౌనం పాటించే అధికారాన్ని, రోగి మేలు కోసం, శాస్త్రమే ఇచ్చింది. వైద్యుని మౌనం దయగా, రోగి మౌనం దోషంగా చూడడం ఎంత సులభమో గమనించండి.

పోతన వామన చరిత్రలో శుక్రాచార్యుడు బలికి బొంకవచ్చునని చెప్పిన సందర్భాల పట్టిక తెలుగువారికి కంఠస్థం. ప్రాణానికీ, విత్తానికీ, మానానికీ భంగం కలిగే ఘట్టాలు అందులో వరుసగా వస్తాయి. మన రోగి విషయంలో ఈ మూడూ ఒకే దిక్కుకు లాగవు. చెబితే మానం పోతుందని భయం, కేసయితే విత్తమూ పోతుంది. చెప్పకపోతే ప్రాణానికి ముప్పు. శుక్రనీతి ఇక్కడ దారి చూపదు. మాన విత్తాల కోసం బొంకితే ప్రాణం, ప్రాణం కోసం చెబితే మాన విత్తాలు. మహాభారతం కర్ణపర్వంలో కృష్ణుడు అర్జునునికి చెప్పిన కౌశికుని కథ ఇంతకంటె ఉపయోగపడుతుంది. సత్యవ్రతుడైన కౌశికుడు, పారిపోయి దాక్కొన్నవారి జాడను దొంగలకు ఉన్నదున్నట్లు చెప్పి, వారి చావుకు కారణమై నరకానికి పోయాడు. సత్యం విలువ చెప్పేవాడి నోటిలోనే లేదు, వినేవాడు దానితో ఏం చేస్తాడన్నదానిలోనూ ఉన్నదని ఆ కథ సారం. కౌశికుడు వినేవాడిని పట్టించుకోలేదు. మన రోగి పట్టించుకొంటున్నాడు. ఆ మేరకు అతడు కౌశికునికంటె తెలివిగలవాడే. అయితే వైద్యుడు దొంగ కాదన్న నమ్మకం అతనికి ఎవరిస్తారు?

చట్టం ఇస్తుందా? 1985 చట్టం 27వ సెక్షను గంజాయి సేవనానికి ఆరు నెలల వరకు జైలు, లేదా పదివేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధిస్తుంది. 64-ఎ సెక్షనులో ఒక ఊరట ఉంది. వ్యసనపరుడు స్వచ్ఛందంగా ప్రభుత్వ గుర్తింపున్న ఆసుపత్రిలో చికిత్సకు వచ్చి దానిని పూర్తిచేస్తే, సేవనానికీ, కొద్దిపాటి పరిమాణం కలిగి ఉన్నందుకూ విచారణ ఉండదు. మంచి నిబంధనే. కానీ ఆ రక్షణ పొందాలంటే మన కూలీ ముందుగా తాను వ్యసనపరుడనని ఒప్పుకోవాలి. అతడు వ్యసనపరుడు కాడు, నొప్పితో ఉన్నవాడు. చట్టం అతనికి రెండు పేర్లే సిద్ధంగా ఉంచింది: నేరస్థుడు, వ్యసనపరుడు. కేస్ షీటులో రెండు గడుల నడుమ పడిపోయిన మనిషే ఇక్కడ రెండు సెక్షన్ల నడుమ పడిపోయాడు.

వైద్యుని వైపు నుంచి చూస్తే పరిస్థితి అంత బిగుసుగా లేదు. 2002 నాటి భారత వైద్య మండలి నైతిక నియమావళి రోగి రహస్యాలను వైద్యుడు వెల్లడించరాదని శాసిస్తుంది. న్యాయమూర్తి ఆదేశం, ఒక వ్యక్తికి లేదా సమాజానికి తీవ్రమైన ముప్పు, ప్రభుత్వానికి తెలుపవలసిన అంటురోగాలు అన్న మూడే మినహాయింపులు. రోగి తన నొప్పికి గంజాయి వాడానని చెప్పడం ఈ మూడింటిలోకీ రాదు. అంటే అభయమిచ్చే అధికారం వైద్యుని చేతిలో ఇప్పటికే ఉంది. ఆ సంగతి రోగికి తెలియదు. చెప్పేవారు కనబడరు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 నవంబరులో ఏర్పడిన ఈగల్ బృందం 1972 నంబరునూ "డ్రగ్స్ వద్దు బ్రో" నినాదాన్నీ ఊరూరా తీసుకుపోయింది. మన్యంలో సాగును అరికట్టడానికి, 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర రెండు లక్షల కిలోల గంజాయిని తగులబెట్టడానికి ఉన్న కారణాలను నేను తక్కువ చేయడం లేదు. అవి రవాణాదారులను ఉద్దేశించిన మాటలు, చర్యలు. కానీ ఆ మాటలే ఆసుపత్రి గోడ మీద కూడా ఉంటాయి. రోగి వాటిని తనను ఉద్దేశించినవిగానే చదువుకొంటాడు. దానికి విడుపుగా, "ఇక్కడ చెప్పింది బయటికి పోదు" అని చెప్పే కాగితం ఆ గోడ మీద కనబడదు.

మౌనం ఖరీదు

ఇది కేవలం తర్కం కాదు; మౌనానికి దేహం చెల్లించే ధర ఉంది. గంజాయి రోజూ వాడేవారికి శస్త్రచికిత్సలో మత్తు చాలకపోవచ్చు, గుండె వేగం హెచ్చవచ్చు. అందుకే అమెరికాలో ప్రాంతీయ మత్తు, నొప్పి వైద్యుల సంఘం ఒకటి, మత్తు ఇచ్చే ముందు ప్రతి రోగినీ గంజాయి గురించి అడగాలని 2023లో మార్గదర్శకాలిచ్చింది. రక్తం పలచబడడానికి ఇచ్చే వార్ఫరిన్, మూర్ఛకిచ్చే క్లోబజామ్ వంటి మందుల ప్రభావం గంజాయిలోని పదార్థాలతో మారిపోతుంది. తీవ్రమైన బాల్య మూర్ఛలకు 2018లో అమెరికా అనుమతించిన కన్నబిడయాల్ మందును కూడా కాలేయ పరీక్షలు చేస్తూనే ఇస్తారు.

అన్నిటికంటె బోధకమైనది మరొకటి. ఏళ్ల తరబడి గంజాయి వాడినవారిలో కొందరికి ఆగని వాంతులు వస్తాయి. వేడినీళ్ల స్నానంతో తాత్కాలికంగా తగ్గుతాయి. ఈ స్థితిని దక్షిణ ఆస్ట్రేలియా వైద్యులు 2004లో వర్ణించేదాకా వైద్యలోకం గుర్తించలేదు. వాంతులు తగ్గిస్తుందని పేరున్న పదార్థమే వాంతులకు కారణమవుతుందని ఎవరూ అనుకోలేదు. ఇటువంటి రోగికి స్కానింగులు, ఎండోస్కోపీలు ఎన్ని చేసినా ఏమీ కనబడదు. రోగాన్ని పట్టిచ్చేవి రెండే ప్రశ్నలు: గంజాయి వాడతావా? వేడినీళ్లు పోసుకొంటే తగ్గుతుందా? దర్శనం, స్పర్శనం, ప్రశ్న అని రోగిపరీక్షను మూడుగా చెప్పింది ఆయుర్వేదం. దర్శన స్పర్శనాలను యంత్రాలు తీసుకొన్నాయి. ప్రశ్నకు మాత్రం యంత్రం లేదు. నాడి పట్టుకొని వైద్యుడే అన్నీ చెప్పాలని, రోగి నోరు విప్పితే వైద్యునికి చిన్నతనమని నమ్మే సంప్రదాయం మన పల్లెల్లో ఇంకా ఉంది. రక్తపరీక్ష కాగితం ఇప్పుడు ఆ నాడి స్థానంలోకి వచ్చింది, అంతే.

నా దృష్టిలో మౌనం వల్ల కలిగే పెద్ద నష్టం ఇవేవీ కాదు. "రాత్రి నొప్పికి గంజాయి తాగుతాండా సామీ" అన్న వాక్యాన్ని ఒప్పుకోలుగా గాక ఫిర్యాదుగా చదివి చూడండి. మీరిచ్చిన మాత్రలతో నా నొప్పి తగ్గలేదని దాని అర్థం. రోగి దానిని మింగేయడానికి భయం ఒక్కటే కారణం కాదు, మర్యాద కూడా. పెద్దసారు ఇచ్చిన మందు పని చేయలేదని ముఖం మీద చెప్పడం రాయలసీమ కూలీకి చేతగాదు. సారు నొచ్చుకొంటాడని అతని బెంగ. ఆ మర్యాద వల్ల వైద్యునికి అందకుండా పోయేది గంజాయి కబురు కాదు, నొప్పి కబురు. తీవ్రమైన క్యాన్సరు నొప్పికి మార్ఫిన్ ఉంది. 1985 చట్టం కఠినత వల్ల దశాబ్దాలపాటు అది ఆసుపత్రుల్లో కరువైంది. 2014 సవరణ 'అత్యవసర మాదక ఔషధాలు' అన్న వర్గాన్ని ఏర్పరచి లైసెన్సుల చిక్కును సడలించింది. హైదరాబాదు ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి ఉపశమన వైద్య విభాగం వంటి చోట్ల దానితో జరుగుతున్న మేలు తెలుగునాటనే కనబడుతోంది. నల్లమందు నుంచి వచ్చిన చట్టబద్ధమైన మాత్ర ఈ రోగికి దక్కకపోవడానికి, తాను వాడుతున్న చట్టవిరుద్ధమైన ఆకు సంగతి అతడు చెప్పలేకపోవడమే కారణమైతే, అంతకుమించిన అన్యాయం ఏముంటుంది?

విన్నందువల్ల కలిగే హాని

చెబితే అంతా మేలే అనలేం. గంజాయి అన్న మాట ఒకసారి చెవిన పడితే మరేదీ వినబడకుండా పోయే ప్రమాదం ఉంది. దీనికి 19వ శతాబ్దిలోనే సాక్ష్యం దొరుకుతుంది. 1893-94లో బ్రిటిష్ ప్రభుత్వం నియమించిన భారత గంజాయి విచారణ సంఘం 1,193 మంది సాక్షులను విచారించింది. గంజాయి పిచ్చికి కారణమన్న వాదాన్ని పరీక్షించడానికి 1892లో పిచ్చాసుపత్రుల్లో చేరినవారి కేసులను ఒక్కొక్కటిగా తిరిగి విచారించింది. తేలిందేమిటంటే, రికార్డుల్లో 'కారణం' అన్న గడిని చాలా సందర్భాల్లో రోగిని తెచ్చిన పోలీసుల మాట మీద, విచారణ లేకుండా నింపారు. గడి ఖాళీగా ఉంచకూడదు కనుక అందుబాటులో ఉన్న మాట అందులో పడింది. తిరిగి విచారిస్తే ఆ ఆపాదనల్లో ఎన్నో నిలవలేదు. వలస పాలకుల ఆదాయలెక్కలు ఆ సంఘం వెనుక లేవని అనుకోనక్కరలేదు. కానీ ఒక గడిలో ఒక మాట ఎలా వచ్చి కూర్చొంటుందని అడిగిన తొలి విచారణల్లో అది ఒకటి.

నేటి రోగి భయం కూడా ఇదే. చీటీ మీద గంజాయి అని పడితే, తరువాత వచ్చే ప్రతి నొప్పికీ వైద్యులు అదే కారణం చెబుతారేమోనని. ఈ భయాన్ని అపోహ అని కొట్టివేయలేం.

వైద్యుల పక్షాన ఒక ఆక్షేపణ ఉంది, దానికి బలమూ ఉంది. మానసిక వైద్య విభాగానికి వచ్చే యువకుల్లో గంజాయి వల్ల మతి చెదరినవారున్నారు. చిన్న వయసులో మొదలుపెట్టినవారికి ఆ ముప్పు ఎక్కువని పరిశోధనలు చెబుతున్నాయి. మందలింపు లేకుండా మెత్తగా అడిగితే దానిని అనుమతిగా తీసుకోరా? కళాశాల విద్యార్థి విషయంలో ఈ ప్రశ్న నన్నూ ఆపుతుంది. కానీ మందలింపుకు భయపడి దాచిన విద్యార్థికి మందలింపు అందనే అందదు. దాచనివాడికే ఏ మాటైనా చేరుతుంది. అడగడం వేరు, అనుమతించడం వేరు. "వాడమంటారా సార్?" అని రోగి ఎదురు అడిగితే, "వాడమని నేను చెప్పలేను, చట్టం ఒప్పదు, నీ రోగానికి అది పనికొస్తుందో లేదో నాకు రూఢిగా తెలియదు" అనడం వైద్యునికి చిన్నతనం కాదు. తనకు తెలియనిదాన్ని కోపంతో కప్పే వైద్యుడు కూడా దాస్తున్నట్లే. 2020 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాల సంఘం గంజాయిని అత్యంత ప్రమాదకరమైన నాలుగో పట్టిక నుంచి 27–25 ఓట్లతో తొలగించినప్పుడు భారతదేశం అనుకూలంగా ఓటు వేసింది. ఆ ఓటుకు అర్థమేమిటో ఇక్కడి వైద్య విద్యార్థికి పాఠంగా చెబితే, రోగి ముందు అతనికి తడబాటు కొంత తగ్గుతుంది.

ఇక ప్రశ్న ఎలా ఉండాలి? తెలుగు చదువుకొన్నవాడిగా నేను చేయగలిగిన సూచన ఇంతే. 'అలవాట్లు' అన్న మాట వదలాలి. ముందు నొప్పితో మొదలుపెట్టాలి. బంధువులను ఒక్క నిమిషం పక్కకు పంపి, గొంతు తగ్గించి, "రాత్రిపూట నొప్పికి మేమిచ్చినవి కాకుండా ఇంకేమన్నా వాడుతున్నావా పెద్దాయనా? పసరు గానీ, ఆకు గానీ, పొగ గానీ? ఓర్చుకోలేక శానామంది వాడతారు. నేను ఎవ్వరికీ చెప్పను. ఆపరేషన్‌కు ముందు నాకు తెలియాల, అంతే" అని అడగవచ్చు. ఇందులో గంజాయి అన్న మాటే లేదు. ఆ పేరు చెప్పాలో, విజయ అనాలో, ఆకు అనాలో రోగి ఎంచుకొంటాడు. వైద్యుడు తన మాట ఎవరి దగ్గరికి పోతుందో ముందే చెప్పాడు కనుక, కౌశికుడు అడగని ప్రశ్నకు రోగికి జవాబు దొరికింది.

అతడు చెప్పాడనే అనుకొందాం. ఇప్పుడు హౌస్ సర్జన్ కలం ఏ గడి మీద ఆగాలి? వాడుతున్న మందుల గడిలో రాయాలన్నది నా వాదం. అది మందని ఒప్పుకొన్నట్లవుతుందని అభ్యంతరం రావచ్చు. పురుగుమందును మందంటున్నాం, సారాయిని మందంటున్నాం. ఆ మాట ఎప్పుడూ ఆమోదముద్ర కాలేదు. మందుల గడిలో రాస్తే పక్కన మరి మూడు సంగతులు తప్పక రాయవలసి వస్తుంది: దేనికి వాడుతున్నాడు, ఎంత వాడుతున్నాడు, తగ్గిందా లేదా. అలవాట్ల గడిలో ఈ మూడింటికీ చోటు లేదు.